ఒంటి రంగు, అంచు రంగు

రాత్రి తొమ్మిదిన్నర నుంచి పది దాకా నాదొక అరగంట. ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, మర్నాటి చొక్కా ఇస్త్రీ అయ్యాక మిగిలే అరగంట అది. అందులో రోజుకో ఫ్రాక్టల్ బొమ్మ చేసి రంగులు వేస్తాను. చేత్తో బొమ్మలు గీయడం నాకు రాదు. ఏడో తరగతిలో నేను గీసిన ఆవును చూసి డ్రాయింగు మాస్టారు "గాడిద బాగా కుదిరిందిరా" అన్నారు. ఆ తర్వాత పెన్సిలు ముట్టుకోలేదు. అలాంటివాణ్ణి పదకొండేళ్ళుగా రోజుకొకటి చేస్తున్నాను. ఆడిట్ రోజులు, జ్వరాలు, పెళ్ళిళ్ళు పోను మూడు వేల పైచిలుకు తేలాయి.

ఈ మధ్య మా అకౌంట్స్ సెక్షనులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు "ఎలా మొదలుపెట్టాలి సార్" అని అడుగుతున్నారు. అడుగుతూనే ఒక సంజాయిషీ కూడా ఇస్తారు: "ఇంటికెళ్ళేసరికి బుర్ర పనిచెయ్యదు సార్." బుర్ర పనిచెయ్యని వేళకే ఇది బాగా సరిపోతుంది. తెల్ల కాగితం ముందు కూర్చుంటే ఏం గీయాలో కూడా మనమే తేల్చుకోవాలి. పొద్దుటి నుంచి పది ఫైళ్ళ మీద తేల్చి తేల్చి వచ్చినవాడికి ఆ ఓపిక ఎక్కడిది? ఫ్రాక్టల్‌లో ఆకారం ముందే ఉంటుంది. నచ్చిన చోటు వెతుక్కుని రంగు వేసుకోవడమే.

ముందు లెక్క చెప్తాను. టీడీఎస్ లెక్క కన్నా తేలిక. ఒక అంకె తీసుకుని దానికి సి అని పేరు పెట్టండి. సున్నాతో మొదలుపెట్టి, చేతిలో ఉన్న అంకెను దానితోనే గుణించి సి కలపండి. వచ్చినదాన్ని మళ్ళీ అలాగే చెయ్యండి. సి ఒకటి అయితే వరసగా 1, 2, 5, 26, 677 వస్తాయి. రెండు దాటిందంటే ఇక దాన్ని పట్టేవాడు లేడు. సి మైనస్ ఒకటి అయితే మైనస్ 1, సున్నా, మైనస్ 1, సున్నా. ఎన్నాళ్ళు చేసినా ఆ రెంటి మధ్యే ఊగుతుంది. 0.5 అయితే అయిదో మెట్టులో రెండు దాటుతుంది. 0.3 మాత్రం పన్నెండో మెట్టు దాకా లాక్కొస్తుంది. 0.25 ఎప్పటికీ దాటదు. అరకు దగ్గరవుతూ ఉంటుంది, అరను అందుకోదు. టేబుల్ మీది క్యాలిక్యులేటర్‌తో ఒకసారి చేసి చూడండి. 0.3 తో చేసేటప్పుడు ఎనిమిదో మెట్టు దగ్గర "ఇది దాటదులే" అనిపిస్తుంది. అక్కణ్ణుంచి నాలుగే మెట్లలో జారిపోతుంది.

ఇప్పుడు ఈ అంకెల్ని ఒక పేజీ అంతా పరవండి. అడ్డంగా ఒక కొలత, నిలువుగా ఒక కొలత. ఇంటర్‌లో మనల్ని ఏడిపించిన సంకీర్ణ సంఖ్యలు ఇవే. పేజీలో ప్రతి చుక్కా ఒక సి. ఎప్పటికీ దాటని చుక్కకు నలుపు వేస్తాం. దాటిపోయే చుక్కకు, ఎన్నో మెట్టులో దాటిందో చూసి, ఆ మెట్టుకు కేటాయించిన రంగు వేస్తాం. ఆ నలుపు ఆకారాన్నే మాండెల్‌బ్రాట్ సెట్ అంటారు. పక్కకు వాలిన హృదయం, దానికి ఎడమ వైపు అతుక్కున్న గుండ్రటి తల, ఒంటినిండా మొటిమల్లా చిన్నాపెద్దా గుండ్లు. అంచును ఎంత దగ్గరికి తెచ్చుకుని చూసినా కొత్త మెలికలు వస్తూనే ఉంటాయి. ఆ మెలికల మధ్య ఎక్కడో మళ్ళీ అదే నల్ల ఆకారం, ఆవగింజంత, కనబడుతుంది.

బెన్వా మాండెల్‌బ్రాట్ కూడా మనలాగే ఉద్యోగస్తుడు. 1924లో వార్సాలో పుట్టి, 1958లో ఐబీఎం పరిశోధనశాలలో చేరి, దశాబ్దాల పాటు అక్కడే పనిచేశాడు. ఫ్రాక్టల్ అనే మాట 1975లో ఆయన కూర్చినదే. 1980లో కంపెనీ కంప్యూటర్ల మీద ఈ ఆకారాన్ని అచ్చు తీయించి చూశాడు. అంతకు రెండేళ్ళ ముందే బ్రూక్స్, మాటెల్‌స్కీ అనే ఇద్దరు గణితజ్ఞులు నక్షత్రం గుర్తులు పేర్చి దీని ముతక బొమ్మ ఒకటి తీశారు. వెనక ఉన్న గణితం ఇంకా పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో ముక్కు పోగొట్టుకుని, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ముఖానికి తోలుపట్టీ కట్టుకున్న ఫ్రెంచి గణితజ్ఞుడు గాస్టన్ జూలియా 1918లోనే దీని మీద పెద్ద పత్రం రాశాడు. ఆయన పేరు మీద జూలియా సెట్లు అని ఒక పెద్ద కుటుంబమే ఉంది. ఆ సెట్ల రంగుల బొమ్మలు ఇంకా రాకుండానే, 1978లో ఆయన పోయాడు. కాగితం మీద లెక్కలు తప్ప ఆయనకు ఇంకేమీ లేవు. ఇది తలుచుకున్నప్పుడల్లా నా పాత లాప్‌టాప్ మీద విసుక్కోవడం తగ్గిస్తాను.

ఈ లెక్కలో రంగుకు చోటే లేదు, గమనించారా? లెక్క తేల్చి ఇచ్చేది మెట్ల సంఖ్య ఒక్కటే. పదిహేడో మెట్టుకు కనకాంబరం రంగు వేయాలో గచ్చకాయ రంగు వేయాలో జూలియా చెప్పలేదు, మాండెల్‌బ్రాట్ చెప్పలేదు. ఆ పని మనకు వదిలేశారు. ఆకారం అందరికీ ఒకటే కాబట్టి నా బొమ్మకూ మీ బొమ్మకూ తేడా వచ్చేదంతా చోటు ఎంచుకోవడంలో, రంగు వెయ్యడంలో. కొత్తవాళ్ళు చోటు వెతకడానికే అరగంటా తగలేసి, రంగుకు రెండు నిమిషాలు మిగుల్చుకుంటారు. నేను చెప్పేదల్లా ఆ వాటాలు తిరగెయ్యమని.

సరంజామా సంగతి. ఉచితంగా దొరికేవాటిలో ఖావోస్ అని పలికే ప్రోగ్రామ్ ఒకటుంది, పేరులో మొదటి అక్షరం ఎక్స్. మౌసు ఎడమ మీట నొక్కిపడితే బొమ్మలోకి వెళ్తుంది, కుడి మీట నొక్కితే వెనక్కి వస్తుంది. చిన్నపిల్లలకు కూడా రెండు నిమిషాల్లో చేతికొస్తుంది. పీ అక్షరం నొక్కితే రంగులన్నీ ఒక్కసారి మారిపోతాయి. ఆ పీ అక్షరాన్ని మొదటి నెల ముట్టుకోవద్దు. అదొక పేకాట. ఇంకో ముక్క, ఇంకో ముక్క అంటూ పదకొండు కొట్టిస్తుంది. పైగా పడిన రంగు యాదృచ్ఛికంగా పడిందే గాని మీరు వేసింది అవదు. నెదర్లాండ్స్‌లో ఫ్రెడరిక్ స్లైకర్‌మన్ రాసిన అల్ట్రా ఫ్రాక్టల్‌ను డబ్బు పెట్టి కొనాలి. బొమ్మ మీద బొమ్మ పొరలుగా పరిచి రంగులు కలపడంలో దానికి సాటి లేదు, కానీ మొదటి ఏడాది దాని అవసరం రాదు. 1992లో స్కాట్ డ్రేవ్స్ కనిపెట్టిన ఫ్లేమ్ ఫ్రాక్టల్స్ ఇంకో రకం. పొగలా, పట్టు నూలులా ఉంటాయి. వాటికి అపోఫిసిస్, జేవైల్డ్‌ఫైర్ ఉన్నాయి. 2009లో వచ్చిన మాండెల్‌బల్బ్ అనే మూడు కొలతల ఆకారానికి మాండెల్‌బల్బర్ ఉంది. ఇవి మూడూ ఉచితమే. అన్నీ ఒకేసారి దించుకోకండి. ఒక పనిముట్టుతో ఆరు నెలలు గడిపితే దాని గుణం తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: ఆఫీసు కంప్యూటరు మీద వద్దు. మొదట్లో నేను పనిచేసిన ఒకచోట, ఇంట్లో కంప్యూటరు లేక, సాయంత్రం పోతూ పోతూ ఒక పెద్ద బొమ్మను లెక్కకు పెట్టి వెళ్ళాను. అది నెలాఖరని గుర్తులేదు. పొద్దున్నే వచ్చేసరికి నా సీటు చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. జీతాల బిల్లు తెరుచుకోవడం లేదు, తెరనిండా ఊదారంగు సుడులు. మా అధికారి మంచివారు కనక "ఇదేమిటయ్యా, వైరస్సా?" అని అడిగారు. అవునంటే పోయేది, నేను కళ అన్నాను. మెమో ఇంకా నా దగ్గరే ఉంది. ఈ రోజుల్లో అయితే మెమోతో పోదు. అనుమతి లేని ప్రోగ్రామ్ ఎక్కించడమే పెద్ద తప్పు కింద లెక్క. మధ్యాహ్నం భోజనవేళ కావాలంటే ఒక చీటీ మీద ఆ రాత్రి వేయబోయే మూడు రంగుల పేర్లు రాసుకోండి. దానికి కంప్యూటరు అక్కర్లేదు, ఎవరూ ఏమీ అనరు.

మామూలు తెర నిండే బొమ్మలో సుమారు ఇరవై లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు వెయ్యి మెట్ల దాకా లెక్క చెయ్యమంటే రెండు వందల కోట్ల పైచిలుకు సార్లు గుణించి కూడాలి. ఇప్పటి లాప్‌టాప్‌కు అది క్షణాల పని. అచ్చుకు పెద్ద బొమ్మ కావాలన్నప్పుడే వేడెక్కుతుంది. అలాంటివి శనివారం రాత్రికి పెట్టుకోండి. కింద గట్టి బల్ల ఉండాలి, పరుపు మీద పెట్టి పడుకోవద్దు.

ఇక చోటు. హృదయానికీ దాని ఎడమ పక్క తలకీ మధ్య ఇరుకు సందు ఒకటి ఉంది, మైనస్ 0.75 దగ్గర. దాన్ని సముద్రపు గుర్రాల లోయ అంటారు. పేరుకు తగ్గట్టే తోకలు చుట్టుకున్న గుర్రాలు వరసకట్టి ఉంటాయి. కుడి చివర హృదయం లోపలికి నొక్కుకున్న చోట, 0.25 పక్కన, ఏనుగుల లోయ ఉంది. తొండాలెత్తి ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నట్టు. ఎడమ కొసన మైనస్ 2 దాకా సాగే సన్నటి సూది మీద మైనస్ 1.75 దగ్గర ఒక చక్కటి పిల్ల మాండెల్‌బ్రాట్ కూర్చుని ఉంటుంది. మొదటి నెల ఈ మూడు చోట్లే తిరగండి. పది నిమిషాలు పెట్టుకోండి, ఫోనులో గంట కొట్టగానే ఎక్కడుంటే అక్కడే ఆగిపోండి. ఇంకాస్త లోపల ఇంకా బాగుంటుందేమో అనిపిస్తుంది. ఉంటుంది కూడా, ఈ ఆకారానికి అడుగు లేదు మరి. అడుగు ఉన్నది మన కంప్యూటరుకే: మామూలు లెక్క పదిహేను పదహారు అంకెల ఖచ్చితత్వంతో నడుస్తుంది కాబట్టి, ఏ పది లక్షల కోట్ల రెట్లో పెంచేసరికి బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతుంది. ఇంకా లోతుకు వెళ్ళే ప్రోగ్రాములున్నాయి. పొద్దున్నే ఆఫీసున్నవాడికి వాటితో పనిలేదు.

సముద్రపు గుర్రాల లోయలో కొత్తవాళ్ళకు ఒక చిక్కు వస్తుంది. ఎంత లోపలికి వెళ్ళినా నల్లటి ముద్దలు ముద్దలుగా ఉందేమిటని అడుగుతారు. అక్కడి చుక్కలు చాలా నెమ్మది మనుషులు. రెండు దాటడానికి వందలు, వేల మెట్లు తీసుకుంటాయి. ప్రోగ్రామ్ ఏ రెండు వందల మెట్ల దగ్గరో విసిగిపోయి, "ఇక దాటదులే" అని నలుపు వేసేస్తుంది. మ్యాగ్జిమమ్ ఇటరేషన్స్ అని ఒక గడి ఉంటుంది, అందులో అంకెను రెండు వేలకో అయిదు వేలకో పెంచండి. ముద్దలు విడిపోయి లోపలి జరీ బయటపడుతుంది.

ఆ నెమ్మదిలో ఒక విచిత్రం ఉంది. ఉద్యోగ సలహాలో దీనికి చోటు లేదు గాని, చెప్పకుండా ఉండలేను. 1991లో అమెరికాలో డేవిడ్ బోల్ అనే విద్యార్థి ఈ లోయ ఎంత ఇరుకో చూద్దామని, మైనస్ 0.75 నుంచి నిటారుగా కొంచెం పైకి జరిగి మెట్లు లెక్కపెట్టాడు. 0.1 పైకి జరిగితే 33 మెట్లు. 0.01 జరిగితే 315. 0.001 జరిగితే 3143. 0.0001 జరిగితే 31417. ఆ అంకెల్ని మళ్ళీ చూడండి. వృత్తం చుట్టుకొలతలో వచ్చే పై విలువ, 3.14159, ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చుంది. పక్కన వృత్తమేమీ గీయలేదే! గణితజ్ఞులు తర్వాత కారణం నిరూపించారు. నాకు అర్థమైనంత మేర నమ్మాను. మొదటిసారి ఇది నేను సొంతంగా లెక్కపెట్టుకున్న రాత్రి బొమ్మ చెయ్యలేదు, ఊరికే కూర్చున్నాను.

సరే, రంగు. రంగు నాకు మా అమ్మ దగ్గర నుంచి వచ్చింది. చిన్నప్పుడు పండక్కి ముందు చీరల కొట్టుకు వెంట తీసుకెళ్ళేది. కొట్లో కుర్రాడు తెల్ల పరుపు మీద ఒకదాని మీద ఒకటి పరుస్తూ ఉంటే అమ్మ చూపుడు వేలితో తోసేసేది. "ఒళ్ళు బావుంది, అంచు కొడుతోంది." "అంచు బానే ఉంది, ఒళ్ళు వెలవెలబోతోంది." "ఇందులో ఒళ్ళేదో అంచేదో తెలీట్లేదు, తియ్." రెండు గంటలు అలా సాగేది. అప్పుడు విసుగ్గా ఉండేది. ఇప్పుడు నా తెర మీద బొమ్మను తోసేసేటప్పుడు నా నోట అవే మాటలు వస్తాయి.

ఫ్రాక్టల్ బొమ్మనూ చీరలాగే చూడండి. సెట్‌కు దూరంగా, తక్కువ మెట్లలో దాటిపోయే చుక్కల విశాలమైన ప్రదేశం ఒళ్ళు. సెట్ అంచుకు దగ్గరవుతూ మెలికలు తిరిగే ప్రదేశం అంచు. మెలికల నడుమ వెంట్రుకంత సన్నంగా మెరిసేది జరీ. రంగుల పట్టీని, ప్రోగ్రాముల్లో గ్రేడియంట్ అంటారు, ఈ మూడింటికీ పంచాలి. ఒంటికి ఒక్క రంగే, దానిలోనే ముదురు లేత ఛాయలు. అంచుకు దానికి ఎదురు నిలిచే రంగు. జరీకి అన్నిటికన్నా లేతది, అదీ పట్టీలో పిసరంత. మంగళగిరి చీర చూశారుగా, సాదా ఒళ్ళు, సన్నటి నిజాం అంచు. ఒళ్ళు సాదాగా ఉంది కనకే ఆ అంచు కంటికి ఆనుతుంది. కొత్తవాళ్ళ బొమ్మల్లో ఏడు రంగులూ ఒళ్ళంతా పరుచుకుని ఉంటాయి. జాతరలో బెలూన్ల బండిలా కన్ను ఎక్కడా నిలవదు. ఇంద్రధనుస్సు పట్టీ దాదాపు ప్రతి ప్రోగ్రాములోనూ మొదటే ఎదురవుతుంది. మొదటే తీసేయండి.

రంగుకు పేరు పెట్టుకుంటే వెయ్యడం సులువవుతుంది. ముదురు ఆకుపచ్చ అనుకుంటే యాభై ఆకుపచ్చల మధ్య తిరుగుతారు. చిలకపచ్చ, మామిడిచిగురు, గచ్చకాయ, నెమలికంఠం అనుకుంటే తిన్నగా వెళ్ళి తీసుకుంటారు. మన చీరల కొట్లలో ఉన్నన్ని రంగుల పేర్లు ఏ ప్రోగ్రాములోనూ లేవు: బచ్చలిపండు, ఉల్లిపొర, వంగపండు, కనకాంబరం, పాలపిట్ట, గంధం, తేనె, నేరేడు. నా చీటీల మీద ఇవే ఉంటాయి. నేరేడు ఒళ్ళు, ఉల్లిపొర అంచు, గంధం జరీ అని రాసుకున్న రోజు, ఇంటికొచ్చి పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది. ఏమీ రాసుకోని రోజు అరగంటా అటూ ఇటూ తిరుగుతాను. ఇంకో దారి కూడా ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఒకటి పక్కన పెట్టుకుని, అందులో ఉన్న రంగులే వాడండి. బెల్లం, ఇనుప ముక్కలు నీళ్ళలో నానబెట్టి తీసిన నలుపు, పటిక రాసిన చోటనే పట్టుకునే ఎరుపు, కరక్కాయ పసుపు, నీలిమందు. నాలుగే. వందల ఏళ్ళుగా చాలినవి మన అరగంటకు చాలవా?

పట్టీలో రంగులు పంచడానికి ఒక మెలకువ. ఒళ్ళు ఉన్న మెట్ల దగ్గర రంగు నెమ్మదిగా మారాలి, అంచు దగ్గర చకచకా మారాలి. కానీ సెట్‌ను ఆనుకున్న చోట పక్కపక్క చుక్కల మధ్య మెట్ల తేడా వందల్లో ఉంటుంది. అక్కడ కూడా పట్టీ అదే జోరుతో తిరిగితే నువ్వులు చల్లినట్టు గరుకు వస్తుంది. దానికి మందు, మెట్లు పెరిగేకొద్దీ పట్టీ సాగేలా చెయ్యడం. లాగ్ అనో స్క్వేర్ రూట్ అనో ఒక ఎంపిక ఉంటుంది, అది పెట్టి చూడండి. అలాగే ఒంట్లో వలయాలు వలయాలుగా చారలు కనబడితే, మెట్లను పూర్ణాంకాలుగానే లెక్కేస్తోందన్నమాట. స్మూత్ అన్న ఎంపిక పెడితే ఆ చారలు కరిగిపోతాయి. నాకు ఒక్కోసారి ఆ చారలే బావుంటాయి. కొండ పటంలో ఎత్తు గీతల్లా. నచ్చితే ఉంచుకోండి, తెలిసి ఉంచుకోండి.

లోపలి నలుపును అందరూ అలవాటుగా నలుపే వదిలేస్తారు. బొమ్మలో నల్ల ముద్ద పెద్దదిగా ఉంటే అది గోడకు పడిన చిల్లులా కనిపిస్తుంది. ఒంటి రంగులోనే బాగా ముదురు ఛాయ, నేరేడుకు నేరేడు నలుపు, గచ్చకాయకు పాచి నలుపు వేసి చూడండి. ఒక్క ఆ మార్పుతోనే బొమ్మ ఒద్దికగా కూర్చుంటుంది.

అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. బొమ్మను నలుపు తెలుపులోకి మార్చండి, ఫోనులో కూడా అవుతుంది. అందులో గుర్రం గుర్రంలా, తోక తోకలా తెలిస్తే మీ రంగులు నిలిచినట్టు. అంతా ఒకే బూడిద ముద్దగా కనిపిస్తే రంగులు వేరే గాని వెలుగు ఒకటే అయిందని అర్థం. ఒళ్ళు ఇంకాస్త చీకటి చెయ్యాలి. ఈ పరీక్ష నాకు ఆఫీసులో కూడా పనికొచ్చింది. మా పై అధికారి ఒకాయనకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలిసేది కాదు. బకాయిలు ఎరుపులో, వసూళ్ళు ఆకుపచ్చలో చూపించిన నా చార్టును మీటింగులో ఆయన తిరగేసి చదివారు. అప్పటి నుంచి నా చార్టులన్నీ ముందు నలుపు తెలుపులో చూసుకున్నాకే పంపుతాను.

చివరి అయిదు నిమిషాలు దాచుకోవడానికి. బొమ్మ ఒక్కటే దాచుకుంటే చాలదు. చోటు, పెంపు, మెట్ల పరిమితి, రంగుల పట్టీ ఉండే చిన్న ఫైలు ఒకటి ప్రోగ్రామ్ రాసిస్తుంది, దాన్ని పారామీటర్ ఫైలంటారు. నాలుగు కేబీలు కూడా ఉండదు. అది ఉంటే అదే బొమ్మను పదేళ్ళ తర్వాత గోడంత సైజులో మళ్ళీ తీసుకోవచ్చు. నా మొదటి ఏడాది బొమ్మలకు అది లేదు. వాటిలో ఒక తేనెరంగు ఏనుగుల వరస ఉంది, దాన్ని పెద్దది చెయ్యమని మా చెల్లెలు ఎన్నిసార్లు అడిగిందో. చోటు వెతుకుతూ నెల రోజులు తిరిగాను, దొరకలేదు. పేరు పెట్టేటప్పుడు ఏడాది, నెల, తేదీ ఆ వరసలోనే పెట్టండి, వాటంతటవే సర్దుకుంటాయి. పక్కన రంగు పేరు. వోచరు నంబరు లేకుండా బిల్లు పాస్ చెయ్యం కదా, ఇదీ అంతే.

ఏ.4 కాగితం మీద బాగా అచ్చు కావాలంటే 2480కి 3508 చుక్కలు ఉండాలి, అంటే ఎనభై ఏడు లక్షలు. దానికి రెండింతల కొలతలో తీసి సగానికి కుదిస్తే మెలికల కొసలు నున్నగా వస్తాయి, లెక్క మాత్రం నాలుగింతలు అవుతుంది. తెర మీద వెలిగిన నెమలికంఠం కాగితం మీద చల్లారిపోతుంది, మొదటిసారి దిగులుపడకండి. చిన్న ముక్క అచ్చు తీయించి చూసుకుని, కాస్త లేత చేసి మళ్ళీ తీయించండి. మా ఆఫీసులో ఎవరు రిటైరైనా ఇప్పుడు శాలువాతో పాటు నా ఫ్రేము ఒకటి వెళ్తోంది. అమ్మకం గురించి కూడా కుర్రాళ్ళు అడుగుతారు. రెండేళ్ళ దాకా ఆ ఊసెత్తకండి. అరగంట సరదాకు గిరాకీ తగిలిస్తే అది రెండో ఉద్యోగం అవుతుంది. అందులో సెలవులుండవు. ఎవరైనా తమ పారామీటర్ ఫైలు మీకిస్తే, దాని మీద చేసిన బొమ్మ కింద వాళ్ళ పేరు రాయండి. లెక్క ఎవరి సొత్తూ కాదు గాని, చోటు వెతికినవాడి కష్టం వాడిదే.

రోజూ చెయ్యగలనా అని భయం ఉంటుంది. ధనుర్మాసంలో మా వీధిలో ప్రతి ఇంటి ముందూ రోజూ ముగ్గు పడుతుంది. వేసినావిడ మర్నాడు పొద్దున్నే తన చేత్తోనే కల్లాపి చల్లి దాన్ని కడిగేస్తుంది. నిన్నటిది బాగా రాలేదని కుమిలిపోయేవాళ్ళను నేను చూడలేదు. ముగ్గులన్నీ ఫ్రాక్టల్స్ అని నేననను, అలా అనేవాళ్ళున్నారు. నేను అరువు తెచ్చుకున్నది ఆ లెక్కలేనితనమే. పది గంటలకు ఎలా ఉంటే అలా దాచేసి మూత పెడతాను. నా మూడు వేలలో నాకు నిజంగా నచ్చినవి వంద ఉంటాయేమో. తప్పిపోయిన రోజుకు మర్నాడు రెండు చెయ్యను, బకాయిలు ఆఫీసులో చాలినన్ని ఉన్నాయి.

ఒక జాగ్రత్త మాత్రం పాటించండి. రోజంతా తెర చూసిన కళ్ళు అవి. తెర వెలుగు తగ్గించండి, గదిలో దీపం ఆర్పకండి. కళ్ళు మండుతున్న రాత్రి కంప్యూటరు తెరవకుండా చీటీ మీద రంగుల పేర్లు రాసుకుని పడుకోండి. అది కూడా ఆ రోజు పనిలోకే వస్తుంది.

మొన్న ఆదివారం ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోనులో ఆ వారం బొమ్మ చూపించాను. సముద్రపు గుర్రాల లోయ, పాలపిట్ట రంగు ఒళ్ళు, వంగపండు అంచు, పదిహేను వందల మెట్లు. నాకు బాగా వచ్చిందనే అనిపించింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇవేమిట్రా, జిలేబీలా?"

"గుర్రాలమ్మా."

"ఏవో ఒకటి. ఒళ్ళు బావుంది. అంచు కొడుతోంది."

ఆ రాత్రి అంచు ఉల్లిపొరకు మార్చాను.